పాత అంకెలు

బల్ల కిందికి దూరి, కేబుల్ చివర పట్టుకుని ఊపి చూశాడు రీస్టార్టు బాబాయ్. ఆకుపచ్చ దీపం మిణుకుతూనే ఉంది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు. యాభై ఆరేళ్ల మోకాళ్లు మరి, చప్పుడు చేయకుండా లేవవు.

అతని అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఆ ఆఫీసులో ఎవరికీ అక్కర్లేదు. ఏ కంప్యూటరు మొరాయించినా "ముందొకసారి ఆపి, మళ్లీ ఆన్ చెయ్యండమ్మా" అంటాడు గనక ఆ పేరు పడింది.

ఈ రోజు ఆ మంత్రం పారలేదు. నెట్ ఉంది. మెయిళ్లు వస్తున్నాయి, వెనక సీటాయన పాటలు కూడా వింటున్నాడు. లైసెన్సుల సైటు మాత్రం తెరుచుకోదు. తెల్లటి పేజీ మీద చిన్న చక్రం తిరిగి తిరిగి చేతులెత్తేస్తోంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. కౌంటరు బయట కాగితాలు పట్టుకుని జనం గొణుగుతున్నారు.

పొద్దున్నే మేనల్లుడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. "మామయ్యా, అమ్మకి అస్సలు బాగాలేదు. సాయంత్రం దాకా ఉంటే గొప్పంటున్నారు. నీకోసమే చూస్తోంది."

తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. బస్సులో మూడు గంటల దారి. సెలవడిగితే, "సైటు తెరిపించి వెళ్లవయ్యా, ఇంతమంది జనాన్ని పెట్టుకుని నిన్నెలా వదలను?" అన్నాడు పెద్దాఫీసరు. "సరేనండి" అన్నాడితను. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో అతని నోట మరో మాట లేదు. కుదరదని ఒక్కసారి అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా!

బ్రౌజరు మార్చి చూశాడు. లోపల పేరుకున్న పాత పేజీలన్నీ తుడిచేశాడు. తేదీ, గడియారం సరిచూశాడు. రౌటరు ఆపి, అరవై లెక్కపెట్టి, మళ్లీ పెట్టాడు. సైటు వాళ్లకు ఫోన్ చేస్తే, "మా దగ్గర బాగానే ఉందండీ, నిన్ననే కొత్త సర్వరుకు కూడా మార్చాం" అన్నారు. పన్నెండున్నర అయింది.

"బాబాయ్, నా ఫోన్లో శుభ్రంగా వస్తోందిగా!" అంది కౌంటరు ఆవిడ. "రోగం మన కంప్యూటర్లకే."

అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట సైటు నెమ్మదిగా వస్తోందని అందరూ సణిగితే, పేరును బట్టి దాని చోటు ప్రతిసారీ వెతుక్కునే పని కంప్యూటరుకు తప్పుతుందని, దాని అంకెల చిరునామాను పద్నాలుగు కంప్యూటర్లలోనూ తన చేత్తోనే రాసిపెట్టాడు. కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిలోకీ శ్రద్ధగా ఎక్కించాడు. సైటు ఇల్లు మారింది. ఇవన్నీ పాత ఇంటి తలుపే కొడుతున్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడు పాపం.

రాసినట్టే ఒక్కొక్కటీ చెరపాలి. కూర్చున్నాడు.

తొమ్మిదో కంప్యూటరు దగ్గర ఫోన్ మోగింది.

"మామయ్యా... అమ్మ పోయింది."

"ఎప్పుడు?"

"పది నిమిషాలైంది."

"సరే నాన్నా. వస్తున్నా."

ఫోన్ జేబులో పెట్టుకుని ఆ వరుస చెరిపాడు. పదో దాని దగ్గరికి జరిగాడు. ఏడుపు రావాలి కదా అనుకున్నాడు. రాలేదు. పద్నాలుగోది కూడా పూర్తిచేసి లేచాడు. బయట జనం కదిలారు.

"చూశావా, అయిపోయింది! ఇక వెళ్లి మీ అక్కను చూసుకో" అన్నాడు పెద్దాఫీసరు.

"సరేనండి."

ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. అక్క మొహం దాకా దుప్పటి కప్పేశారు. మేనల్లుడు కింద కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. మంచం పక్కన నిలబడిన ఆయా ఇతన్ని ఎగాదిగా చూసింది.

"తమ్ముడివా బాబూ? కొడుకు మందులకని కిందికి దిగినప్పుడల్లా నీకే చేస్తూ ఉంది. కలిస్తే ఒట్టు! నేనూ నొక్కి చూశాను. ఆ నంబరే లేదంటోంది."

నాలుగేళ్ల కిందట నంబరు మార్చినప్పుడు మేనల్లుడికి చెప్పాడు. అక్కకు చెప్పలేదు. ఆదివారం ఆదివారం తనే చేసేవాడు, ఆమెకు చేయాల్సిన అవసరమే పడలేదు.

ఆయా దిండు కిందినుంచి తీసి అతని చేతిలో పెట్టింది. చిన్న బటన్ల ఫోను. దాని వీపున అతికించిన ప్లాస్టరు ముక్క మీద, చెరిగిపోకుండా రెండుసార్లు దిద్దిన వంకర అంకెల్లో అతని పాత నంబరు.