ఆకుపచ్చ గీత

ముక్కూమొహం తెలియనివాడి సరుకు రెండుసార్లు తూచాలి, అయినవాడిదైతే ఒక్కసారి చాలు. ఉత్తరాదికొచ్చి ఇందిరాపురంలో పైపుల దుకాణం పెట్టిన పద్దెనిమిదేళ్లలో పెద్దిరాజు ఈ లెక్క తప్పలేదు. ఆ లెక్కే తప్పని మొన్న ఆదివారం తెలిసింది.

పొద్దున్నే అపార్ట్‌మెంట్ల కమిటీ పెద్ద లీలావతి ఫోన్ చేసింది. "నీ పైపు పగిలిందయ్యా! మూడు బ్లాకులకి చుక్క నీళ్లు లేవు. తెలుగువాడివని నీకు ఇప్పించినందుకు అందరూ నన్ను తిడుతున్నారు."

మూడేళ్ల కిందట పార్కింగ్ కింద తుప్పుపట్టిన లైను తీయించి, అరవై అడుగుల కొత్త పైపు వేయిస్తానని పూచీ పడ్డవాడు పెద్దిరాజే. సరుకు అతని దుకాణానిది. పని చేసినవాడు భార్య సుభద్ర తమ్ముడు సాయిప్రకాష్. తణుకు నుంచి రప్పించి, తన రెంచే చేతికిచ్చి పని నేర్పాడు పెద్దిరాజు.

అతను వెళ్లేసరికి కూలీలు తవ్వుతున్నారు. సాయిప్రకాష్ గట్టున నిలబడి ఉన్నాడు.

"ఈమధ్య సరుకులో పస ఉండట్లేదు బావా. కంపెనీవాళ్లు నిన్ను ముంచుతున్నారు," అన్నాడు, నలుగురికీ వినపడేలా.

లీలావతి మొహం చిట్లించింది. "అయితే ఇంక ఈ గేటులోకి నీ బండి రాదు, పెద్దిరాజూ."

ఇది పాత పైపేనని గోతిలోంచి మేస్త్రీ అరిచాడు. "సేఠ్‌జీ, యే తో పురానా హై!"

పెద్దిరాజు చెప్పులు విడిచి బురదలోకి దిగాడు. దుకాణం దాటే ప్రతి పైపు మీదా పొడుగునా ఆకుపచ్చ గీత వేయించడం అతని అలవాటు. ఈ చివర పదడుగులు గీత ఉంది. ఆ చివరా పదడుగులుంది. నడుమ నలభై అడుగులు పాత ఇనుమే. గోటితో గీరితే పెచ్చులు రాలాయి. ఆనాడు పూడ్చేముందు కమిటీవాళ్లు చూసింది తెరిచి ఉంచిన రెండు చివరలే. పెద్దిరాజు అవీ చూడలేదు.

నలభై అడుగులంటే రెండు పైపులు. ఆ ఏడే సాయిప్రకాష్ గృహప్రవేశం. మేడమీద ట్యాంకు నుంచి దిగిన గొట్టం మీద ఆకుపచ్చ గీత చూసి, మావాడు నా కొట్లోనే కొన్నాడని పెద్దిరాజు మురిసిపోయాడు. చుట్టాలందరినీ మేడెక్కించి మరీ చూపించాడు.

పైకొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"సాయీ, పైపులు దొరికే చావ్రీ బజార్ ఇవాళ బంద్. కొట్లో ఈ సైజు నిండుకుంది. దగ్గర్లో ఉన్నవి నీ మేడమీదవే. విప్పుకురా."

సాయిప్రకాష్ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "అందరిముందూనా బావా? అక్క మొహం చూసైనా..."

"మీ అక్క మొహం చూసేరా, ఆరోజు నేను గోతిలోకి దిగంది."

మధ్యాహ్నానికి పైపులొచ్చాయి, గీతలతో సహా. సాయిప్రకాష్ రెంచితో దిగబోతే పెద్దిరాజు చెయ్యి చాచాడు. "ఇలా తే."

ప్రతి కీలూ తనే బిగించాడు. బిగించిందాన్ని మళ్లీ పట్టి చూశాడు. సాయంత్రం వాల్వు తిప్పగానే మేడల మీద ట్యాంకుల్లో నీళ్లు పడుతున్న చప్పుడైంది.

లీలావతి టీ గ్లాసు అందించింది. "నీ బండి రానివ్వనన్న మాట మర్చిపో. ఇంటికెళ్లి సుభద్రకేం చెబుతావు?"

పెద్దిరాజు టీ తాగి గ్లాసు తిరిగిచ్చాడు. సాయిప్రకాష్ ఇంకా గట్టునే నిలబడి, చేతిలోకి రెంచి వస్తుందేమోనని చూస్తున్నాడు. పెద్దిరాజు దాన్ని బురద పోయేలా కడిగి, తుడిచి, తన బండిలో పెట్టుకున్నాడు.