చోటు పోతుందని

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మూడేళ్ళ కూతురికి ఆయాసం ముంచుకొచ్చిన రోజున, ఆసుపత్రికి చేరేలోపే ఊపిరి ఆగిపోతుందేమోనని. గ్యాసు కట్టేశానా, బాల్కనీ తలుపు వేశానా, పాప గుండీ ఏదైనా మింగిందా అనే భయాలు రోజుకు పాతిక వస్తాయి, పోతాయి. ఇది మాత్రం పోదు. అంట్లు తోముతున్నా పక్కనే నిలబడి ఉంటుంది.

ఆ భయానికి మందుగానే ఇంటికి కారు వచ్చింది. పాప నాన్న కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు. ఎవరో వాడి వదిలేసిన తెల్లకారు ఒకటి చూసి తెచ్చాడు. "ఇక నీకు బెంగ లేదు. ఎప్పుడంటే అప్పుడు పాపని ఎక్కించుకుని పోవడమే" అన్నాడు. దుకాణం నుంచి తాను వచ్చేదాకా ఆగనక్కర్లేకుండా ఆమెకు డ్రైవింగు కూడా నేర్పించాడు. ఇరవై రోజులు క్లాసుకు వెళ్ళింది, లైసెన్సు చేతికొచ్చింది. అందులో ఫోటో చూస్తే అప్పుడే ఎవరినో గుద్ది వచ్చి నిలబడినట్టుంటుంది. అయినా సరే, తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయాక ఆమె పాసైన పరీక్ష అదొక్కటే. దాన్ని బీరువాలో బట్టల మడతల్లో దాచుకుంది.

కారు ఉంది. లైసెన్సు ఉంది. ట్యాంకులో పెట్రోలు ఉంది. లేనిదల్లా ఆ కారుకు కదిలే యోగం.

వాళ్ళ వీధికి ఒక పక్కంతా పాత గోడౌను గోడ. రోజంతా దాని నీడ వీధిలోకి పడుతుంది. ఆ నీడలో పదకొండు కార్లు పడతాయి. వీధిలో ఉన్నవి పద్నాలుగు. మిగిలిన మూడూ మూల తిరిగాక మురుగుకాలవ పక్కన, ఎండలో. ఈ మూడు కార్ల తేడా పెట్టినన్ని తగవులు ఆ వీధిలో ఆస్తులు కూడా పెట్టలేదు. నీడలో చోటు దొరికినవాడు కారు తీయడు. తీశాడా, మూలమీది ముగ్గురిలో ఒకడు గద్దలా వచ్చి వాలతాడు. అందువల్ల ఆ వీధిలో కార్లున్న మగవాళ్ళందరూ బస్సులో ఆఫీసులకు పోయేవారు. పొద్దున్నే బస్టాపులో నిలబడి, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ, ఎవరి బండి ఎంత మైలేజీ ఇస్తుందో మాట్లాడుకునేవారు.

పాప నాన్నకు నీడలో చోటు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత ఐదు నెలలపాటు కారు అంగుళం కదల్లేదు.

"ఏవండీ, ఈ సాయంత్రం అలా ఒకసారి తిప్పి తెద్దామా? నాకూ చెయ్యి అలవాటవుతుంది."

"తిప్పి తెచ్చి ఎక్కడ పెడతావే? నా నెత్తిన పెడతావా?"

"అది కాదండీ. నెలల తరబడి కదపకపోతే బ్యాటరీ దిగిపోతుందని పుస్తకంలో రాశారు."

"ఆ పుస్తకం రాసినవాడు మన వీధిలో ఉండడు."

పుస్తకమంటే కారుతోపాటు వచ్చేదే, సీటు ముందు అరలో పడి ఉండేది. ఆ వీధి మొత్తంమీద దాన్ని చదివిన మనిషి ఆమె ఒక్కతే. పాప మధ్యాహ్నం నిద్రపోయినప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, అర్థంకాని చోట బొమ్మ చూసుకుంటూ మూడు నెలల్లో పూర్తిచేసింది. అర్థమైనకొద్దీ భయం పెరిగింది తప్ప తగ్గలేదు.

ఆదివారం వస్తే మగవాళ్ళందరూ గోడ పక్కన చేరేవారు. లెక్కల మాస్టారు, బీమా ఏజెంటు, దర్జీ ఈ ముగ్గురిదీ పెద్ద గొంతు.

"మాస్టారూ, మీ బండి లీటరుకెంత ఇస్తుంది?" అనేవాడు బీమా ఏజెంటు.

"ఇరవై రెండు."

"ఎప్పుడు చూశారు?"

"కొన్నప్పుడు. అప్పట్నుంచి తగ్గడానికి అదెక్కడికైనా వెళితేగా!"

ఒక ఆదివారం టైర్లలో గాలి ముప్పై ఉండాలా, ముప్పైమూడు ఉండాలా అని మొదలైంది. అరగంటైనా తెగలేదు. చెత్తబుట్టతో అటుగా వచ్చిన ఆమె నోరు ఊరుకోలేదు.

"డ్రైవరు వైపు తలుపు తీస్తే లోపల చీటీ అంటించి ఉంటుందండీ. దానిమీద రాసుంటుంది."

అందరూ ఆమె వంక చూశారు. దర్జీ ముందుగా తేరుకున్నాడు. "చూశారా, మాస్టారూ! ఇన్నాళ్ళూ మీరు లెక్కలు చెబితే మేం విన్నాం. ఇప్పుడు చెల్లెమ్మ చెబుతుంది, మీరు వినండి!"

పకపకా నవ్వారు. నవ్వి, ముప్పైయా ముప్పైమూడా అన్న దగ్గరికే మళ్ళీ వచ్చారు. అన్ని కార్లున్నాయి, ఒక్క తలుపు తీసినవాడు లేడు.

వరసలో మొట్టమొదటి కారు, అంటే అందరికంటే చిక్కటి నీడలో ఉన్న బూడిదరంగు కారు, లిఫ్టు తాతది. ఒక పెద్ద ఆఫీసులో ముప్పైయేళ్ళు లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో ముందుగదిలో కోడలు పగలంతా కుట్టుక్లాసు చెబుతుంది. తాత మంచం ఉన్నది ఆ గదిలోనే. అందుకని పొద్దున్నే ఫ్లాస్కు, పేపరు పట్టుకుని కిందికి దిగి కారులో కూర్చుంటాడు, సాయంత్రం ఐదింటికి పైకెళతాడు. కళ్ళకు శుక్లాలు, కారు నడిపి ఏడాదైంది. అయినా రోజూ తొమ్మిదింటికి ఇంజను స్టార్టుచేసి పది నిమిషాలు ఉంచుతాడు.

"ఎక్కడికీ వెళ్ళనప్పుడు పెట్రోలెందుకు తగలేస్తావు తాతా?" అని మాస్టారు అడిగేవాడు.

"రోజూ పలకరించకపోతే మనుషులే మొహం తిప్పుకుంటారయ్యా, ఇదెంత!" అనేవాడు తాత.

ఆ భయపడిన రోజు రానే వచ్చింది. ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు. పాప నాన్న దుకాణంలో ఉన్నాడు, ఆదివారాలే అక్కడ బేరాలెక్కువ. పాప పొద్దుట్నుంచీ దగ్గుతూనే ఉంది. రెండయ్యేసరికి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం మొదలైంది. మందు ఆవిరి పట్టే యంత్రం పెట్టింది. తగ్గలేదు. మళ్ళీ పెట్టింది. పాప ఏడవడం మానేసింది. అది ఇంకా భయం. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి కదా.

అంబులెన్సుకు ఫోను చేస్తే వంతెన దగ్గర ఇరుక్కుంది, ముప్పావుగంట పడుతుందన్నారు. టాక్సీవాడు వీధి పేరు వినగానే, "అందులోకి వస్తే బండి తిప్పుకోడానికి చోటుండదమ్మా" అని పెట్టేశాడు.

పాపని భుజాన వేసుకుని, తాళాలు, లైసెన్సు పట్టుకుని మెట్లన్నీ దిగింది. తెల్లకారులో కూర్చుని తాళం తిప్పింది. టిక్ అంది. మళ్ళీ తిప్పింది. టిక్ టిక్ అంది. ఆ తర్వాత అది కూడా అనలేదు.

గోడ దగ్గరి మగవాళ్ళు వచ్చి చుట్టూ మూగారు.

"బ్యాటరీ" అన్నాడు బీమా ఏజెంటు.

"కాదు, స్టార్టరు" అన్నాడు దర్జీ.

"పక్కకారు బ్యాటరీకి తీగలు కలిపితే లేస్తుంది. ముందు ఎర్రది కలపాలా, నల్లదా?" అన్నాడు మాస్టారు.

"నల్లది."

"ఎర్రదండీ బాబూ!"

"తీగలు ఎవరి దగ్గరున్నాయి?" అంది ఆమె. ఎవరి దగ్గరా లేవు.

"అన్నయ్యా, మీ కారు తీయండి. పాపకి ఊపిరి ఆడట్లేదు" అని దర్జీని బతిమాలింది.

"నాది కవరు కట్టి ఉంది చెల్లెమ్మా. గాలికి ఎగరకుండా బిగించి ముడులేశాను. విప్పడానికే పావుగంట."

మాస్టారి కారు ముందు టైరు ఎప్పుడో నేలకు కూర్చుంది. బీమా ఏజెంటు కారు మాత్రం బాగుంది, కిందటివారమే నిలబెట్టిన చోటే స్టార్టుచేసి అందరికీ వినిపించాడు. ఇప్పుడు జేబులో తాళం పట్టుకున్నాడు. మూలవైపు చూశాడు. అక్కడ ఎండలో కారున్న మనిషి ఒకడు అప్పటికే మెడ సాచి ఇటే చూస్తున్నాడు.

"తీస్తానమ్మా, తీయనని కాదు. ఒక్క రెండు నిమిషాలు అంబులెన్సు కోసం చూద్దాం. ఈలోపు రావచ్చు" అన్నాడు.

అప్పుడు వరస మొదటినుంచి హారను మోగింది. ఒకసారి కాదు, చెయ్యి తీయకుండా. తాత కారు దిగి నిలబడ్డాడు. ఇంజను ఆడుతూనే ఉంది.

"ఇలా రామ్మా! అక్కడ సభ అయ్యేలా లేదు."

ఆమె పరుగెత్తింది. "మీరు నడుపుతారా తాతయ్యా?"

"నేను నడిపితే ముగ్గురమూ పోతాం. నువ్వు నడుపు. పాపని నా ఒళ్ళో పెట్టు."

"నాకు చేతకాదు. క్లాసులో తప్ప ఎప్పుడూ..."

"లైసెన్సుందా?"

"ఉంది."

"నాకు అదీ చెల్లిపోయింది. ఎక్కు."

సీటులో కూర్చున్నాక కూడా ఆ వీధి మనిషే కనక ఆమె నోట ఆ మాట వచ్చేసింది. "మీ చోటు పోతుంది తాతయ్యా."

"పోతే పోతుంది. ముప్పైయేళ్ళలో నా లిఫ్టు ఎక్కిన ప్రతివాడూ దిగాడమ్మా. చోటు పోతుందని లోపలే ఉండిపోయినవాణ్ణి ఒక్కణ్ణి చూళ్ళేదు. పద."

రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి కారు కప్పలా గెంతి ముందుకు పోయింది. ఆమె పక్కకు తిరుగుతున్నట్టు చూపే దీపం వేద్దామనుకుంటే ఎండలో అద్దం తుడిచే చీపుళ్ళు కదిలాయి. వాటిని ఆపడం తెలియలేదు, అలాగే పోనిచ్చింది.

"రెండో గేరెయ్యమ్మా, పాపం ఇంజను ఏడుస్తోంది."

"ఏడవనివ్వండి తాతయ్యా! పాప ఎలా ఉంది?"

"చూస్తోంది. నువ్వు రోడ్డు చూడు."

పదకొండు నిమిషాలు. మొత్తం మొదటి గేరులోనే. వెనకాల ఎంతమంది హారన్లు కొట్టి ఏమేం తిట్టారో ఆమెకు ఒక్కటీ వినపడలేదు. ఆసుపత్రి గుమ్మానికి అడ్డంగా కారు ఆపేసింది. నర్సు పాపని లాక్కుని లోపలికి పరుగెత్తింది. ముఖానికి ఆక్సిజన్ పెట్టిన కాసేపటికి పాప గట్టిగా ఏడ్చింది. డాక్టరమ్మ వచ్చి, "సమయానికి తెచ్చారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే..." అని మిగతాది చెప్పకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం పాప నాన్న తాతని కారులో ఇంటికి చేర్చి వచ్చాడు. ఆ రాత్రి తాత కారు ఎక్కడ పెట్టారని ఆమె అడిగితే మాట మార్చాడు. ఎందుకో ఆమెకు మర్నాడు పాపని తీసుకుని వీధిలోకి వచ్చాక తెలిసింది.

వరసంతా ఒక్కొక్క చోటు ముందుకు జరిగి ఉంది. తాత చోటులో మాస్టారి కారు, టైరు నేలకు కూర్చున్నది కూర్చున్నట్టే. దాని వెనక దర్జీది. పావుగంట పట్టే ముడులు ఎంతసేపట్లో విడిపోయాయో ఎవరూ చెప్పలేదు. ఆమె హడావిడిలో తాళం వదిలేసిన తెల్లకారు కూడా ఒక చోటు ముందుకొచ్చింది. చివర ఖాళీ అయిన చోటులోకి మూలమీది ఒకాయన వచ్చాడు. మూలమీద ఖాళీ అయినది తాతకు మిగిలింది.

"పాప ఎలా ఉంది చెల్లెమ్మా?" అన్నాడు బీమా ఏజెంటు, నిజంగానే ఆదుర్దాగా. "మీ కారు కూడా ముందుకు తోశాం. మిమ్మల్ని మర్చిపోతామా!"

"ఎంతమంది తోశారన్నయ్యా?"

"నలుగురం పట్టాం."

"నలుగురున్నారా! నాకు ఒక్కరూ కనబడలేదే" అంది ఆమె, మెట్లెక్కుతూ.

పైకి వెళ్ళాక పాప నాన్న వంక చూసింది. మర్నాడే కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాడు. "మన చోటు తాతకిచ్చేద్దాం" అన్నాడు. తెల్లకారు బయటికి తీశాడు. తాత కారు తేవడానికి మూల తిరిగాడు. అంతే, ఎవరి చుట్టాలదో తెలియని ఎర్రకారొకటి వచ్చి ఆ ఖాళీలో ఆగింది. అందులోని మనిషి దిగి, తాళం వేసి, పెట్టె పట్టుకుని స్టేషనుకు పోయాడు. రెండు నెలలు ఊళ్ళో ఉండడట.

ఇప్పుడు రెండు కార్లూ ఎండలోనే. అయితే పోగొట్టుకోడానికి చోటు లేదు కనక తెల్లకారు రోజూ తిరుగుతోంది. పాప నాన్న దానిలోనే దుకాణానికి వెళుతున్నాడు. సాయంత్రాలు ఆమె నడుపుతోంది, మూడో గేరు దాకా వచ్చింది. తాత మాత్రం పగలంతా ఆ మూలమీదే. పైకి వచ్చి కూర్చోమని ఎన్నిసార్లు పిలిచినా రాడు. "నీ ఇంట్లో అయితే కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలమ్మా. ఇక్కడైతే నా తలుపు, నా కిటికీ" అంటాడు. కుట్టుక్లాసు ఐదింటిదాకా వదలదు. ఆమె కిటికీలోంచి చూస్తే ఆ మూల కనపడదు. అందుకని పదకొండింటికొకసారి, ఒంటిగంటకొకసారి నీళ్ళు పట్టుకుని దిగుతుంది.

కిందటివారం ఒకరోజు పాప పేచీపెట్టి దిగడం ఆలస్యమైంది. వెళ్ళేసరికి కాలవ కంపుకు కారు అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. తాత గడ్డం గుండెలకానించి ఉన్నాడు, చొక్కా నీళ్ళలో పిండినట్టుంది. తలుపు లాగి భుజం పట్టుకుని కుదిపింది. కళ్ళు తెరిచి ఆమెను పోల్చుకోలేక, "ఎన్నో అంతస్తు?" అన్నాడు. రెండు గ్లాసుల నీళ్ళు తాగాక కానీ ఆమె పాప వాళ్ళమ్మ అని అతనికి తెలియలేదు.

డాక్టరమ్మ పాపకి రోజూ మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడింటిదాకా ఆవిరి పట్టమంది. ఎండ మండిపోయే వేళ అదే. ఆ అరగంట ఆమె పాపని వదిలి దిగలేదు. ఆ వేళకు మీరు గోడౌను గోడ దాటి, మురుగుకాలవ వైపు మూల తిరిగేపని ఉంటే, బూడిదరంగు కారు దగ్గర ఒక్క క్షణం ఆగండి. అద్దం దించి ఉందో లేదో చూడండి. తాత నిద్రపోతున్నట్టుంటే లేపండి. తిడతాడు, ఫరవాలేదు, తిడితే బాగున్నట్టే. పలక్కపోతే తలుపు తీసేయండి, తాళం వేసుకోడు.