మౌజా చేసిన దయ్యం

అరబ్బు దేశంలోని సహం ఊరి ఆసుపత్రి పిల్లల వార్డులో గురువారం అంటే రక్తం ఎక్కించే రోజు. అక్కడ బడికి గురు, శుక్రవారాలు సెలవు కాబట్టి చుట్టుపక్కల తీరపల్లెల్లోని తలసీమియా పిల్లలందరూ ఆ రోజే వచ్చేవాళ్లు. ఎవరికి సరిపోయే రక్తం వాళ్లకి చూసి బ్లడ్ బ్యాంకు వాళ్లు పైకి పంపేసరికి మధ్యాహ్నం దాటేది. సూదులు పడేది అప్పుడే. అందాకా పిల్లలు మంచాల మీద కూర్చుని తలుపు వంక చూస్తూ ఉండేవాళ్లు. పాలకొల్లు నుంచి వచ్చి నాలుగేళ్లుగా ఆ వార్డులో నర్సుగా ఉన్న మణికుమారికి సూది వెయ్యడం కంటే ఆ చూపుల్ని భరించడమే కష్టంగా ఉండేది.

తొంభై ఒకటో సంవత్సరం అక్టోబరు ఆఖరి రోజు కూడా గురువారమే అయింది. వార్డు డాక్టరు మోయిరాది స్కాట్లండు. వాళ్ల దేశంలో ఆ రోజు పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని, దయ్యాల బొమ్మలున్న చిన్న చిన్న కప్పుకేకులు చేసుకుని తింటారట. "మన పిల్లల చేత కూడా చేయిద్దాం సిస్టర్, కూర్చుని బెంగపడే బదులు" అని ఆవిడ కాగితపు కప్పులు, ఐసింగ్ చక్కెర, కోకో పొడి, స్ట్రాబెర్రీ జాము కొని తెచ్చింది. ఓవెన్ ఒక్కటే తక్కువ. మణికుమారి క్వార్టర్స్‌లో గుండ్రటి కరెంటు ఓవెన్ ఉంది, పైన గాజుమూతతో.

దాన్ని మోసుకుని వార్డుకి వస్తూ ఆమె భర్త ఇమ్మానియేలు దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. అతను ఆ ఆసుపత్రిలోనే బ్లడ్ బ్యాంకు టెక్నీషియను.

"దయ్యాల కేకులేంటి మణీ? రేపు ప్రార్థనలో పాస్టరుగారు అడిగితే ఏం చెబుతావు?"

"పిల్లలాటని చెబుతాను. మీరు ముందు కిందకి చూసి నడవండి, గాజు పగిలిద్ది."

పిల్లలు బల్ల చుట్టూ చేరీ చేరకముందే కాన్పుల గదిలో ఎవరో పసికందుకి ఊపిరి అందడం లేదని కబురొచ్చింది. డాక్టరు పరుగెత్తింది. పని మణికుమారి నెత్తిన పడింది. తోడుగా ఎవాంజలిన్ ఉంది. భీమవరం పిల్ల, ఉద్యోగానికి కొత్త.

గుడ్లు తలా ఒకటి కొట్టారు. పెంకులు సగం గిన్నెలోనే పడ్డాయి. మైదా జల్లిస్తుంటే మొహాలన్నీ తెల్లబడ్డాయి. కప్పులు నింపి ఓవెన్‌లో పెట్టి మూత వేశాక, ముట్టుకోకూడదని చెప్పి అందరినీ బారెడు దూరంలో నిలబెట్టింది మణికుమారి. కాసేపటికి గాజు కింద పిండి కదిలింది. అంచుల దగ్గర మెల్లగా లేచి, నడిమధ్యన బుడిపెలా ఉబ్బి, పగిలి, ఆ పగులులోంచి మళ్లీ పైకి వచ్చింది. ఐదేళ్ల షమ్సా చాలాసేపు చూసి అడిగింది.

"లోపల ఎవరు ఊదుతున్నారు?"

వంటసోడా అని మణికుమారి చెప్పవచ్చు. కానీ ఊపిరి బిగపట్టిన ఆ మొహాలని చూస్తే ఆ మాట నోట రాలేదు. ఎన్నోసార్లు కేకు చేసింది గానీ అది పొంగుతుంటే నిలబడి చూసింది లేదు. ఇప్పుడు ఆమె కూడా పిల్లల్లో పిల్లలా చూస్తూ ఉండిపోయింది. నేల మీద చాప వేసుకుని కూర్చున్న ఒక ముసలామె, ముఖానికి నల్లని బుర్ఖా ముసుగు ఉన్నామె, లేచి వచ్చి గాజు మీదికి వంగి 'బిస్మిల్లా' అనుకుంది. ఆమె మౌజా నాయనమ్మ.

మౌజాకి పదేళ్లు. వార్డులో అందరూ మెచ్చుకునే పిల్ల. సూది వేసేటప్పుడు ఏడవదు, కదలదు. చెయ్యి చాపి కళ్లు మూసుకుంటుంది. పెదవులు మాత్రం ఏదో నములుతున్నట్టు కదులుతాయి. ఈ పిల్లకి భయమంటే తెలియదనే మణికుమారి ఇన్నాళ్లూ అనుకుంది.

కేకులు చల్లారాక అలంకరణ మొదలైంది. ఒకడు ఖర్జూరాన్ని సన్నగా చీల్చి సాలీడుకి కాళ్లు అతికించాడు. ఇంకొకడు జీడిపప్పులతో కోరలు పెట్టాడు. రక్తం కారుతున్నట్టు పైన జాము పూయమని ఎవాంజలిన్ చూపించింది. మౌజా ఆ జాము వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ రంగు కాదు."

కోకో పొడి చిటికెడు తీసి జాములో కలిపింది. చూసింది. ఇంకో చిటికెడు వేసింది. ఎర్రదనం నల్లబారి, సరిగ్గా సంచీలో వేలాడే రక్తం రంగుకి వచ్చింది. పిల్లలంతా అవునన్నారు. పుట్టిన దగ్గరనుంచీ తలెత్తి చూస్తున్న రంగు అది, వాళ్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

"అక్కా, నాకు ఒళ్లు జలదరిస్తోంది" అంది ఎవాంజలిన్ తెలుగులో.

మౌజా తన కేకు మీద ఐసింగుతో తెల్లగా ఒక మనిషిని నిలబెట్టింది. ఎండుద్రాక్షలు కళ్లయ్యాయి. తల మీద కాగితపు కప్పు ముక్కని మడిచి టోపీ పెట్టింది. గుండె మీద జాము చుక్కతో గడియారం. చేతిలో పళ్లు కుట్టుకునే పుల్ల. చుట్టూ ఉన్న పిల్లలు ఒక్క క్షణం చూసి, తర్వాత ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు.

"సిస్టర్ మణి" అన్నారు.

మణికుమారి చెయ్యి తనకి తెలియకుండానే గుండె మీది గడియారాన్ని తడుముకుంది. తన చెయ్యి తేలికని, నరం ఒక్కసారికే దొరికించుకుంటానని నలుగురిలో చెప్పుకునేది. బాధపడాలో నవ్వాలో ఆమెకి తెలియలేదు.

అంతలో తలుపు తెరుచుకుంది. రక్తం సంచులున్న పెట్టెతో ఇమ్మానియేలు నిలబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి. షమ్సా కెవ్వున ఏడ్చి బల్ల కిందకి దూరింది. ఆ పిల్లకి సూది వెయ్యాలంటే ఎప్పుడూ నలుగురు పట్టుకోవాల్సిందే. ఎవాంజలిన్ ముందుకి వెళ్లబోతే మౌజా అడ్డం వచ్చింది. తన కేకు పట్టుకుని బల్ల కిందకి వంగి కూర్చుంది.

"ఇదిగో, ఇంతే ఉంది చూడు" అంది. "ముందు సూది ఉన్న చెయ్యి తినెయ్. తర్వాత కళ్లు. తలకాయ వదిలెయ్, అదే తర్వాత నీకు బిస్కెట్ ఇస్తుంది."

షమ్సా వెక్కుతూనే పుల్ల తీసి పారేసి ఆ చెయ్యి కొరికింది.

"నేను ఎప్పుడూ ఇలాగే చేస్తా" అంది మౌజా. "కేకు ఉండదనుకో. కళ్లు మూసుకుని సిస్టర్‌ని ఇంత చేస్తా. అరచేతిలో పెట్టుకుని చెయ్యి తినేస్తా."

ఎన్నో గురువారాలు కదిలిన ఆ పెదవులు మణికుమారి కళ్ల ముందు మెదిలాయి. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. భయం లేని పిల్ల అనుకుంది. ఇంత భయాన్ని ప్రతిసారీ అరచేతిలో పట్టేంత చేసి మింగింది ఈ పిల్ల. ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ తల్లీ నేర్పలేదు. పదేళ్ల ప్రాణం తనంతట తనే ఒక దారి వేసుకుని, ఇప్పుడు ఇంకొక ప్రాణాన్ని చెయ్యి పట్టుకుని ఆ దారిన నడిపిస్తోంది.

షమ్సా బల్ల కిందే చెయ్యి చాపింది. మణికుమారి పాక్కుంటూ వెళ్లి అక్కడే సూది వేసింది. పిల్ల ఏడ్చింది. కానీ చెయ్యి కదపలేదు, ఎవరూ పట్టుకోనూ లేదు. ముసలామె మళ్లీ బిస్మిల్లా అంది. పెట్టె పట్టుకున్న ఇమ్మానియేలు ఆమెన్ అన్నాడు, గొంతు తగ్గించి.

ఆ రోజు నుంచి మణికుమారి ఏ పిల్లకీ నిలబడి సూది వెయ్యలేదు. కింద కూర్చుని, పిల్ల తలూపేదాకా ఆగేది. దానివల్ల పని ఆలస్యమవుతోందని మాట పడింది కూడా. పడనీ అనుకుంది.

మూడు వారాలకి మౌజా మళ్లీ వచ్చి చెయ్యి చాపి కళ్లు మూసుకుంది.

"నేను ఎంత ఉన్నాను?" అని మెల్లగా అడిగింది మణికుమారి.

మౌజా చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి తెచ్చింది. తర్వాత ఏమనుకుందో, కళ్లు తెరిచి ఆమె వంక చూసింది.

"ఇవాళ నీ అంతే ఉండు" అంది.

మణికుమారికి చెయ్యి వణికింది. ఇన్నేళ్ల సర్వీసులో అలా ఎప్పుడూ కాలేదు. ఆ వణుకు తగ్గేదాకా పిల్ల ఓపిగ్గా ఆగింది.