ఏరేసిన పిల్ల

డెట్రాయిట్ తూర్పు వైపు మా పేటలో పాత సర్కారు బడి మూతపడ్డాక, దగ్గర్లో మిగిలినవి రెండు చార్టర్ బళ్లు. ఫీజులుండవు, సర్కారు సొమ్ముతోనే నడుస్తాయి. పెత్తనం మాత్రం కంపెనీలది. మా చెల్లెలు రోనెట్ వేసవంతా ఆ రెండింటి చుట్టూ తిరిగింది. దాని కూతురు జలీసా మూడో తరగతికి రావాలి. చదవబోతే అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయి పాపం దానికి.

"అక్కా, పెద్ద రోడ్డు మీది బడి చూడు, అద్దంలా ఉంది. పరీక్షల్లో ఈ చుట్టుపక్కల వాళ్లదే పైచేయి."

"చర్చి వెనక బడిలో టీచరమ్మ జలీసాని పక్కన కూచోబెట్టుకుని చదివించిందన్నావుగా?"

"చదివిస్తే? కప్పు కారుతోంది, బకెట్లు పెట్టుకున్నారు. సగం మంది పిల్లలు పరీక్ష తప్పుతున్నారు. మునిగే పడవెక్కించమంటావా నా కూతుర్ని?"

చివరికి రోనెట్ దాన్ని పెద్ద రోడ్డు బడిలోనే చేర్చింది.

ఆకులు రాలే వేళకి బడి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అందరి ముందూ పైకి చదవమంటే జలీసా బల్ల కిందకి దూరేదట. "వచ్చి తీసుకెళ్లండి" అనేవాళ్లు. రోనెట్ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని వదిలి పరిగెత్తేది. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు దాని పై అధికారి "ఇక రానక్కర్లేదమ్మా" అనేశాడు.

చలి ముదిరాక ప్రిన్సిపల్ పెటిఫర్డ్ పిలిపించాడు. తోడుగా నేనూ వెళ్లాను.

"అమ్మా, మీ పాపకి ఇది తగిన చోటు కాదేమో. వసంతంలో పరీక్షలున్నాయి" అన్నాడు మెత్తగా.

"వెళ్లగొడుతున్నారా?"

"అయ్యో, మేమెవర్నీ వెళ్లగొట్టం. నిర్ణయం మీదే. ఉంచితే మాత్రం ఇదే తరగతి మళ్లీ చదవాలి."

బయట బస్సు స్టాపులో జలీసా బూటుతో మంచు తంతోంది. దాని చెవిన పడకుండా రోనెట్ గొంతు తగ్గించింది. "నేను మురిసిపోయిన ఆ మార్కులు ఎక్కడివో తెలిసిందక్కా. ఇలాంటి పిల్లల్ని ఏరేశాక మిగిలినవాళ్లవి."

అటునుంచి అటే చర్చి వెనక బడికి వెళ్లాం. గేటుకి గొలుసు. మెట్ల మీద మంచు తోస్తున్న ముసలాయన తలెత్తాడు. "క్రిస్మస్‌కే మూసేశారమ్మా. పిల్లలు చాల్లేదట. అందరూ ఆ రోడ్డు మీది బడికే ఎగబడ్డారుగా!"

"ఆ టీచరమ్మ?"

"పక్క రాష్ట్రం ఒహాయో వెళ్లిపోయింది."

రోనెట్ గొలుసు పట్టుకుని నిలబడిపోయింది. "చేతులు గడ్డకడతాయే" అని నేనే విడిపించాను.

ఇప్పుడు జలీసా ఊరి అవతలి కొసన ఇంకో బడికి రెండు బస్సులు మారి వెళ్తోంది. అక్కడ టీచర్లు నిలవరు. వెనక బెంచీలో తలవాల్చుకున్నా ఎవరూ లేపరు. అక్కణ్ణుంచి ఒక్క ఫోనూ రాదు. రోనెట్ ఏదో గోదాములో పెట్టెలు మోస్తోంది. ఇంటికొచ్చాక బడి ఊసెత్తదు.

మొన్న పక్కింటి షవాండా కంచె దగ్గర మమ్మల్ని ఆపింది. "నువ్వు అన్నీ తిరిగి చూశావుగా రోనెట్, మావాణ్ణి ఏ బళ్లో వెయ్యమంటావు?"

రోనెట్ కంచె మీద చెయ్యి వేసింది.

"మీవాడు బాగా చదువుతాడా?" అని మాత్రం అడిగింది.