పోలమ్మను మోసిన కయాక్

నేను ఒక కయాక్‌ను. ఒక్క మనిషి కాళ్లు బారజాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే ప్లాస్టిక్ పడవను. నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. ఒక కార్ఖానాలో ఇనప అచ్చులో పసుపురంగు పొడి పోసి, పొయ్యిలో పెట్టి, అన్ని పక్కలకూ తిప్పారు. పొడి కరిగి అచ్చు గోడలకు పట్టుకుంది. చల్లారాక విప్పితే నేను బయటపడ్డాను. నా లోపలంతా డొల్ల. ఆ డొల్లతనమే నన్ను నీటి మీద నిలబెడుతుంది. మనుషుల్లో మాత్రం డొల్ల అంటే తిట్టు అని తర్వాత తెలిసింది.

భీమిలి అవతల ఒక బీచ్‌లో బోటింగ్ నడిపే కంపెనీవాళ్లు నన్ను కొన్నారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు లైఫ్ జాకెట్ తొడుక్కుని నా మీద కూర్చునేవారు. ఫొటోలు దిగేవారు. కెరటం ఒకటి ముఖాన కొట్టగానే దించెయ్యమని కేకలు పెట్టేవారు. ఇళ్లకు వెళ్లాక సముద్రాన్ని ఈదివచ్చామని చెప్పుకునేవారేమో, నాకు తెలియదు.

ఆ జాకెట్లు ఉతకడానికి, మమ్మల్ని మంచినీళ్లతో కడగడానికి పక్క పేట నుంచి ఒక మనిషి వచ్చేది. పేరు పోలమ్మ. జాలరి ఇంటి ఆడపడుచు. ఈత బాగా వచ్చు. ఎవరైనా చేతగాక నన్ను సముద్రం లోపలికి వదిలేస్తే, చీర దోపుకుని ఈదుకుంటూ వచ్చి, నా మీదెక్కి, ఒడ్డుకు తెచ్చేది. తెడ్డు వెయ్యడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. నన్ను వెతికి తేవడంలోనే వచ్చేసింది.

ఒక తుపాను తర్వాత కంపెనీ మూతపడింది. మంచి పడవల్ని లారీలో పట్టుకుపోయారు. నా వెనక భాగం పగిలింది కనుక నన్ను ఇసకలో వదిలేశారు. పోలమ్మ తమ్ముడు మసేను నన్ను భుజాన వేసుకుని పేటకు తెచ్చి, ప్లాస్టిక్ కరిగించి పగులు పూడ్చాడు.

పేటలో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, గంపలు మోస్తారు. సముద్రం మీదికి మాత్రం వెళ్లరు. ఆడది తెప్ప ఎక్కితే గంగమ్మతల్లికి కోపమొస్తుందంటారు. పోలమ్మ గాలం పట్టుకుని బయలుదేరేసరికి పెద్దలు గుమిగూడారు. కులపెద్ద నా చుట్టూ తిరిగి, వేలితో కొట్టి చూసి, చివరకు తీర్పు చెప్పాడు.

“ఇది తెప్ప కాదు, పడవా కాదు. దీనికి పూజ లేదు, కొబ్బరికాయ లేదు. పిల్లలాడుకునే బొమ్మ. బొమ్మెక్కితే తల్లికి కోపమెందుకొస్తాది?”

అంత పెద్ద ఆచారం నా చిన్నతనం ముందు తలవంచింది. ఆ రోజు నుంచి పోలమ్మ నా మీద సముద్రంలోకి వెళ్లింది.

చేపల వేట అంటే చేపలు పట్టడం అనుకుంటారు చాలామంది. కాదు, ఎదురుచూడటం. గాలానికి రొయ్య గుచ్చి నీటిలోకి వదిలి, దారం చూపుడు వేలి మీద వేసుకుని ఆమె కూర్చునేది. పొద్దు పైకెక్కేది. నీరు నూనెలా కదలకుండా ఉండేది. కొన్ని వారాలు ఒక్క కానాగంత చేప కూడా తగిలేది కాదు. అలాంటి మందకొడి రోజుల్లో పోలమ్మ మాట్లాడేది. నాతో కాదు, చనిపోయిన మొగుడితో. పేరు పెట్టి పిలవదు కదా, “మావా” అనేది. నాకు తెలిసిన కథంతా ఆ ఏకపక్షపు కబుర్లలో విన్నదే.

ఆమె భర్త ఎల్లాజీ సముద్రంలో పోలేదు. పేటలో చేపలకు ఐసు వేసే షెడ్డు ఉంది. అక్కడి నీళ్ల మోటారు వైరు ఒకచోట తెగితే, ఎవరో టేపుకు బదులు పాలకవరు చుట్టి వదిలేశారు. వాన కురిసి నేలంతా చిత్తడిగా ఉన్న రోజు ఎల్లాజీ బకెట్టు పట్టుకుని వెళ్లి ఇనప గొట్టం మీద చెయ్యి వేశాడు. బుద్ధెరిగినప్పటి నుంచీ కెరటాల మీద బతికినవాడు, ఒడ్డున, బకెట్టు నీళ్ల దగ్గర పడిపోయాడు.

“సుడిగాలిలో సిక్కుకుని కూడా వొచ్చీసావు మావా,” అనేది పోలమ్మ దారం చూసుకుంటూ. “గొట్టం దగ్గర్నించి రాలేకపోయావా?”

అప్పటి నుంచి ఆమె ఇంట్లో స్విచ్చిని చేత్తో ముట్టుకోలేదు. వెదురుపుల్లతో నొక్కేది. ఫ్యాను విప్పించి తమ్ముడికి ఇచ్చేసింది. పేటవాళ్లు నవ్వేవారు. నవ్విన వాళ్ల ఇళ్లలో బల్బు హోల్డర్లు వైర్లకు వేలాడుతూ ఉండేవి.

ఒక తెల్లవారుజామున మంచు కమ్మేసింది. ఒక పెద్ద మరపడవ మమ్మల్ని చూడకుండా పక్కనుంచే దూసుకుపోయింది. దాని అల తగిలి నేను బోర్లాపడ్డాను. పోలమ్మ నన్ను పట్టుకుని చాలాసేపు నీటిలోనే ఉండి, ఊపిరి కూడదీసుకుని, నన్ను తిరగేసి ఎక్కింది. ఒడ్డుకు చేరాక మసేను అక్క మీద మండిపడ్డాడు.

“లైటు పెట్టుకోవాలప్పా. నువ్వున్నావని ఆలకి తెలవాల కదా!”

“బేటరీ నా పడవెక్కితే నాను దిగిపోతాను,” అంది ఆమె.

మసేను వెళ్లి లైన్‌మ్యాన్ దాలినాయుడిని పిలుచుకొచ్చాడు. ఎల్లాజీ పడిపోయిన రోజు స్తంభం ఎక్కి కరెంటు ఆపినవాడు దాలినాయుడే. అతణ్ని చూడగానే పోలమ్మ ముఖం తిప్పుకుంది. అతను నా పక్కన ఇసకలో కూర్చుని, చిన్న బ్యాటరీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“సూడమ్మా, ఇది పన్నెండు వోల్టులు. నిన్ను సంపదు. అలాగని ఆటవస్తువూ కాదు. రెండు వైర్లూ కలిసిపోతే నిప్పు పుట్టిస్తాది. అందుకే బేటరీ పక్కనే ఈ ఫ్యూజు ఎడతాను. తేడా వస్తే ముందిది కాలిపోయి దారి తెంపెస్తాది.”

“కాలిపోతే మరేటి సేస్తారు?”

“ఎందుకు కాలిందో సూసి, కొత్తదేసుకుంటాం. మనిసికి కొత్తది ఏసుకోలేం కదమ్మా.”

పోలమ్మ మెల్లగా ముఖం ఇటు తిప్పింది. అతను బ్యాటరీని మూత బిగుతుగా పట్టే డబ్బాలో పెట్టాడు. వైరు అతుకులకు జిగురు పూసిన గొట్టాలు తొడిగి వేడిచేసి మూశాడు. లైటుకు ప్లాస్టిక్ కర్రే పెట్టాడు, ఇనపది వద్దన్నాడు. ఉప్పునీరు కంటికి కనబడకుండా వైరు లోపలికి పాకి రాగిని తినేస్తుందని, రోజూ తుడిచి చూసుకోవాలని చెప్పాడు. ఉరుము వినబడితే చేప ఉన్నా లేకపోయినా తిరిగి వచ్చెయ్యమన్నాడు. నడిసముద్రంలో అన్నిటికంటే ఎత్తుగా ఉండేది మనిషి తలే, పిడుగు దాన్నే వెతుక్కుంటుందన్నాడు.

“ఇంక బయపడాల్సింది దీనికి కాదు,” అన్నాడు లేస్తూ. “దీన్ని సార్జింగెట్టడానికి ఇంటికి అట్టుకెల్తావు సూడు, ఆ గోడలో ఉంది అసలుది.”

మర్నాడు అతను ఆమె ఇంటికి వచ్చాడు. నన్ను అరుగు మీదే గోడకు ఆనించి ఉంచారు కనుక అంతా చూశాను. పెరట్లో గొయ్యి తీసి ఎర్తు వైరు దింపాడు. మీటరు పక్కన ఒక చిన్న పెట్టె బిగించాడు. అది ట్రిప్ స్విచ్చి.

“ఎల్లిన కరెంటు ఎల్లినట్టే తిరిగిరావాలమ్మా. దారితప్పి మనిసిలోంచి నేలకి దిగిందా, కన్ను మూసి తెరిసేలోగా ఇది ఆపెస్తాది.”

పోలమ్మ ఆ పెట్టెను తదేకంగా చూసింది.

“ఇది ఆ దినం ఐసు షెడ్డులో ఉండుంటే?”

దాలినాయుడు స్క్రూడ్రైవరు తుడుస్తూ ఉండిపోయాడు. తుడిచిందే తుడిచాడు.

“బతికీవోడే అనుకుంటానమ్మా.”

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతులు పైటకు శుభ్రంగా తుడుచుకుంది. వెదురుపుల్ల కోసం చూడలేదు. పరీక్ష కోసం పెట్టెకు ఉన్న బటన్‌ను వేలితో నొక్కింది. టక్‌మని బల్బు ఆరిపోయింది. మళ్లీ స్విచ్చి ఎత్తి, మళ్లీ నొక్కింది. టక్. దాలినాయుడు సంచీ సర్దుకుని వెళ్లిపోయాక కూడా ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. ఎంతోసేపటికి ఆగింది. అప్పుడు ఏడ్చింది.

తర్వాత నా మీద లైటు వెలిగింది. మందకొడి రోజులు మాత్రం మారలేదు. వెలుతురు చూసి చేపలు పరిగెత్తుకొస్తాయని మసేను ఆశపడ్డాడు గాని, చేపలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం. నెలరోజుల పస్తు తర్వాత గాలం ఒక్కసారిగా లాగింది. వంజరం చేప. దాని బలానికి నేను ముక్కు తిప్పుకుని దాని వెంట పోసాగాను. పోలమ్మ వేళ్లు కోసుకుపోతున్నాయి, ముఖం వెలిగిపోతోంది. కొద్ది దూరంలో, ఇనప గొట్టానికి లైటు కట్టిన తన ఇంజను పడవలో మసేను కేరింతలు కొడుతున్నాడు.

అప్పుడు పడమటి కొండల మీద ఉరిమింది.

మబ్బు ఇంకా అంత దూరంలోనే ఉంది. చేప అలిసిపోతోంది. ఇంకాసేపు ఓపిక పడితే చేతికొచ్చేది. పోలమ్మ కొండల వైపు చూసింది, నీటి వైపు చూసింది. కత్తి తీసి దారం కోసేసింది. కోసిన దారం వైపు మళ్లీ చూడలేదు. తమ్ముడి పడవ దగ్గరకు తెడ్డు వేసింది.

“ఆ ఇనప గొట్టం దించు! బేటరీ ఆపు! పద!”

“నీకేటైనా పిచ్చా అప్పా? అంత పెద్ద సేపని ఒదిలీసావా? మబ్బెక్కడో ఉంటే...”

“దించుతావా, నన్నెక్కమంటావా?”

అక్క గొంతులో ఏం వినబడిందో, మసేను లైటు గొట్టం పీకి పడవలో పడుకోబెట్టాడు. నన్ను తాడుతో కట్టుకుని ఇంజను నడిపాడు. సగం దారిలోనే గాలి మారింది. ఆకాశం నల్లబడింది. అక్కాతమ్ముళ్లిద్దరూ తలలు వంచుకుని పడవల్లో ముడుచుకున్నారు. మేము ఇసకను తాకి, వాళ్లు పక్కా ఇంట్లోకి పరిగెత్తిన కాసేపటికి, అంతసేపూ వాళ్లు వేటాడిన చోట తెల్లటి గీత ఒకటి దిగింది. చప్పుడుకు ఒడ్డున నేను కూడా అదిరాను.

వాన తగ్గాక మసేను బయటికి వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

“సేప పోయిందని తిట్టాను నిన్ను,” అన్నాడు.

పోలమ్మ అతని పక్కన కూర్చుంది. దాలినాయుడు అన్న మాట అప్పటిదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తమ్ముడికి చెప్పింది. ఎల్లాజీ బతికుండేవాడని, ఒక చిన్న పెట్టె లేక పోయాడని.

మసేను ఐసు షెడ్డు వైపు తల తిప్పాడు. “షెడ్డులో ఇప్పుడైనా ఉందా అది?” అన్నాడు.

లేదు. షెడ్డు నడిపేవాళ్లను అడిగితే, అది మాటిమాటికీ కరెంటు ఆపేస్తే ఐసు కరిగిపోతుందన్నారు. పెద్దలు చూద్దామన్నారు. మనుషుల ‘చూద్దాం’కు కళ్లుండవు. పోలమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మర్నాడు పేటలోని ఆడవాళ్లెవరూ ఆ షెడ్డు ఐసు ముట్టుకోలేదు. ఎండలో గంపలు పెట్టుకుని బయటే కూర్చున్నారు. చేపలు వాసనొచ్చాయి. వాళ్లు కదల్లేదు. మసేను వాళ్లకు నీళ్లు మోశాడు. చివరకు షెడ్డువాళ్లు ఒప్పుకున్నారు. దాలినాయుడు వచ్చి పెట్టె బిగించాడు.

ఆ తర్వాత ఎండకు నా పగులు మళ్లీ విచ్చుకుంది. ఈసారి పూడ్చడం కుదరలేదు. పోలమ్మ నీలంరంగు కయాక్ ఒకటి తెచ్చుకుంది. లైటూ బ్యాటరీ డబ్బా దాని మీదికి మారాయి. నా పై భాగం రంపంతో కోసి, పగిలిన చోట సిమెంటు పెట్టి, ఐసు షెడ్డు ముందు చేపలు కడిగే తొట్టెను చేశారు. సముద్రాన్ని మోసినట్టు గర్వపడ్డ నేను ఇప్పుడు కడిగిన నీళ్లు మోస్తున్నాను. బాధేం లేదు.

మొన్న పొద్దున సన్నగా వాన పడుతోంది. గురమ్మ అనే అమ్మాయి నాలో చేపలు కడుగుతూ, నీళ్లు చాలక, తడిచేత్తో ఇనప గొట్టం పట్టుకుంది. షెడ్డు లోపల టక్‌మంది. మోటారు ఆగిపోయింది.

“ఏదో సీమ కుట్టినట్టుందే,” అని గురమ్మ చెయ్యి విదిలించుకుంది. తర్వాత షెడ్డు లోపలికి వినబడేలా తిట్టింది. “పొద్దున్నే కరెంటు తీసీసారు, పాడు షెడ్డు!”

షెడ్డువాళ్లు స్విచ్చి ఎత్తబోతుంటే పోలమ్మ పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. దాలినాయుడు వచ్చి చూసేదాకా ఎవరినీ గొట్టం ముట్టుకోనివ్వలేదు. మోటారు లోపల వైరు పైపొర కాలిపోయి ఇనపరేకుకు ఆనుకుని ఉంది. ఎర్తు వైరు తుప్పుపట్టి ఊడిపోయింది కనుక, కరెంటు గొట్టంలోకి వచ్చి గురమ్మ చెయ్యి తాకింది. అతను చూపించాడు. పోలమ్మ తల ఊపింది.

తర్వాత నా దగ్గరకు వచ్చి గురమ్మ కుడిచెయ్యి పట్టుకుంది. అరచేయి తిప్పి చూసింది. వేళ్ల మధ్య చేపపొలుసులు అంటుకుని ఉన్నాయి. చెయ్యి వెచ్చగానే ఉంది. పోలమ్మ వదల్లేదు.

“ఒదులప్పా,” అంది గురమ్మ, విసుగ్గా. “సంతకి పొద్దెక్కిపోతంది.”

పోలమ్మ వదిలింది. గురమ్మ గంప నెత్తిన పెట్టుకుని, వానలో వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.