చల్లటి నుదురు

పాప సరిగ్గా పాలు తాగడం లేదు. రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి, ఊపిరాడనట్టు వదిలేసి, మళ్లీ నోటితో వెతుక్కుంటోంది. పదకొండు గంటల పాల విరామం పావుగంటే. సగం అప్పుడే అయిపోయింది. సంచులు కుట్టే షెడ్డు వెనక, పిల్లల గదిలో, గచ్చు మీద కాళ్లు చాపుక్కూర్చున్న తల్లి పది నెలల కూతురి ముక్కుపుటాల వైపే చూస్తోంది. అవి ఊపిరి ఊపిరికీ ఎగురుతున్నాయి.

"నుదురు చల్లగానే ఉంది కదా వదినా?" అంది, పక్క మిషను మీద కుట్టే ఆవిడతో.

"చల్లగా ఉండక ఏం చేస్తుంది? పొద్దున్నొకసారి, ఇప్పుడొకసారి చుక్కలు వేశావుగా," అని గొంతు తగ్గించింది ఆవిడ.

పిల్లల గదికి ఒకటే నియమం. జ్వరమున్న పిల్లని రానివ్వరు. రోజూ ఏడింటికి గుమ్మంలో ఆయమ్మ ఒక్కొక్క పిల్ల నుదుటి మీదా అరచెయ్యి వేసి చూస్తుంది. వేడి తగిలితే తల్లీపిల్లా వెనక్కి. ఆ రోజు కూలి పోయినట్టే. వరసగా మూడు రోజులు రాకపోతే మిషను ఇంకొకరిది. అందుకే గేటుకి అరగంట ముందు జ్వరం తగ్గించే మందు చుక్కలు పిల్ల నోట్లో వెయ్యడం తల్లులందరికీ అలవాటు. కొత్తగా చేరినదానికి సూదిలో దారం ఎక్కించడం కంటే ముందు ఈ సంగతి నేర్పుతారు. ఈ తల్లి నాలుగు రోజులుగా వేస్తోంది.

ఆయమ్మ వచ్చి పాపను చూసింది. "లే. నర్సమ్మ దగ్గరకి పోదాం," అంది.

షెడ్డులో పని చూసే మేస్త్రీ గడియారం చూసి, "అరగంట," అన్నాడు.

వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ ఒక్కతే. వరండా నిండా జనం. వీళ్ల వంతు వచ్చేసరికి ఆ అరగంటా అక్కడే అయిపోయింది. నర్సమ్మ పాప చంకలో థర్మామీటరు పెట్టి తీసింది.

"జ్వరం లేదు. జలుబు. ఈ సిరప్పు వెయ్యి. ఇంత దానికి అంత మొహం వేలాడేశావేంటమ్మా? నిన్ను చూసి పిల్ల భయపడుతుంది. తర్వాతెవరు?"

తల్లి సీసా అందుకుని లేచింది. మాట నోటిదాకా వచ్చింది. వెనకే ఆయమ్మ నిలబడి ఉంది. చెబితే ఈ మోసం బయటపడి గది మూసేస్తారు, గది పోతే మిషను పోతుంది. తనదొక్కటే కాదు, అక్కడున్న పద్నాలుగు మంది పిల్లల తల్లులదీను. రెండడుగులు వేసింది. చేతుల్లో పాప మూలిగింది. ఏడుపు కాదు, ఏడవడానికి ఓపిక లేని మూలుగు.

తిరిగొచ్చి బల్ల మీద కూర్చుంది.

"జ్వరం ఉందమ్మా. నేనే దాచాను. నాలుగు రోజుల్నుంచి చుక్కలు వేస్తున్నాను, గేటు దాటడానికి. ఇందాక కూడా వేశాను. పాలు తాగట్లేదు."

"నిప్పుని కొంగున ముడేసుకు తిరిగావు కదే!" అంది నర్సమ్మ. చేతిలోని చీటీల కట్ట పక్కన పెట్టింది. "గౌను ఎత్తు. కదపకు."

చేతి గడియారం చూస్తూ పాప ఊపిర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వెనక ఎవరో "మా సంగతేంటి?" అని గొణిగారు. నర్సమ్మ తల తిప్పలేదు. నిండా ఒక నిమిషం.

"అరవై నాలుగు. ఈ వయసుకి యాభై తగలకూడదు. ఇదిగో, గాలి పీల్చినప్పుడల్లా డొక్క లోపలికి పోతోంది, చూశావా? నెమ్ము. నిమోనియా." సూది మందు తీస్తూ, "జ్వరం లేకపోయినా ఇది నాకు కనపడాల్సింది. గౌను ఎత్తలేదు నేను," అంది, ఎవరితోనూ కాకుండా.

సూది వేసింది. పెద్దాసుపత్రికి చీటీ రాసింది. "ఇక్కడ ఆక్సిజను లేదు. దారిలో ఎక్కడా ఆగకు."

మెట్ల మీద తల్లి ఆయమ్మ మొహం చూడలేకపోయింది. "మిమ్మల్ని మోసం చేశాను ఆయమ్మా."

"నాకు తెలీదనుకున్నావా? ఆ తీపి మందు వాసన సగం మంది నోళ్లలో రోజూ వస్తుంది. నుదురు చూడమన్నారు. నుదురే చూశాను." ఆయమ్మ అరచెయ్యిని చీరకి తుడుచుకుంది. ఇంకా తుడుచుకుంటూనే ఉంది.

ఆటో మాట్లాడేలోపు మేస్త్రీ వచ్చాడు. "అరగంటన్నాను, గంట దాటింది. పాపని ఆయమ్మ తీసుకెళ్తుంది, నువ్వు పనిలోకి రా. లేదంటే ఆ మిషను..."

"రాను," అంది తల్లి.

మేస్త్రీ ఇంకేదో అంటున్నాడు. ఆటో కదిలింది. రోడ్డు దుమ్ము రెండు పక్కల నుంచీ లోపలికి కొడుతోంది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"గౌను కిందకి లాగి, కొంగు కప్పమ్మా. పిల్లకి గాలి తగులుతుంది."

"కప్పితే కనపడదన్నా," అంది ఆమె, ఎగిరిపడుతున్న ఆ చిన్న డొక్క మీద నుంచి చూపు తిప్పకుండా.