ముందొచ్చిన కేక

పొద్దున్నే జయశీలం చేసే మొదటి పని ఇస్త్రీ. ఇంటామె దేవమ్మగారిని నాలుగు నిప్పులు అడిగి తెచ్చుకుని, ఇస్త్రీపెట్టెలో పోసుకుని, తన తెల్లచొక్కా, సుధాకర్ తెల్లచొక్కా ముడతల్లేకుండా చేసేవాడు. తర్వాత ఇద్దరూ మోకరించి ప్రార్థన చేసుకునేవాళ్లు. టైలు కట్టుకుని, జేబుల మీద నల్లటి పేరుబిళ్లలు తగిలించుకుని సైకిళ్లెక్కేవాళ్లు. అమెరికాలో పుట్టిన మోర్మన్ క్రైస్తవ సంఘం పంపిన మిషనరీలు వాళ్లు. ఇద్దరికీ ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. సంఘం పద్ధతి ప్రకారం ఒకరినొకరు 'ఎల్డర్', అంటే పెద్ద, అని పిలుచుకోవాలి, ఒకరిని విడిచి ఒకరు ఎక్కడికీ పోకూడదు.

ఆ ఊరు పిడుగురాళ్లకీ గురజాలకీ మధ్య, రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. దేవమ్మగారు బాప్టిస్టు. గది ఇచ్చిందే గాని వీళ్ల సంఘమంటే ఆమెకి అంతగా గిట్టదు.

"ఏసయ్య బిడ్డలై ఉండి టీచుక్క ముట్టకపోవడం ఏంది నాయనా? యాడన్నా ఉందా ఇది?" అని రోజూ అడిగేది.

సుధాకర్ నవ్వేసేవాడు. అతనిది విశాఖపట్నం. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడు. జయశీలానికి మాత్రం ప్రతిదీ భయమే. రాజమండ్రిలో బయల్దేరేటప్పుడు పల్నాడు అనగానే అందరూ నాటుబాంబుల గురించే చెప్పారు. వచ్చాక బాంబులైతే చూళ్లేదు గాని కుక్కలున్నాయి, తలుపు తీసి "ఏం కావాల?" అని గుచ్చి చూసే మొహాలున్నాయి. తలుపు తట్టడానికి చెయ్యెత్తితే చాలు, అరచేతిలో చెమట పట్టేది. లోపల ఎవరూ లేకపోతే బాగుండునని దేవుణ్ణే వేడుకునేవాడు. అలా వేడుకున్నందుకు మళ్లీ భయపడేవాడు.

మధ్యాహ్నం పూట క్వారీకి పోయేవాళ్లు. సున్నపురాయి క్వారీ అది. కూలీలు అన్నాలు తినే వేళకి రేకులషెడ్డు కింద కూర్చుని, నీలంఅట్ట మోర్మన్ గ్రంథం తీసి, వినేవాళ్లకి నాలుగు మాటలు చెప్పేవాళ్లు.

ఆ క్వారీలో మనిషి గొంతు ముందు గోతిలోంచి వినపడేది, ఆ తర్వాతే నోట్లోంచి వచ్చేది. రాళ్ల చప్పుడుకీ తూటాల పేలుడుకీ అలా లేదు, మనిషి గొంతుకే. "ఏమే, పచ్చడి తెచ్చావా?" అని గోతిలోంచి మొగుడి గొంతు రాగానే పెళ్లాం గిన్నె మూత తీసేది. అతను తీరిగ్గా గట్టు దిగొచ్చి ఆ మాటే అడిగేవాడు. దానికెవరూ తల కూడా తిప్పేవాళ్లు కాదు. సుధాకర్ అయితే వారం తిరక్కుండానే అలవాటు పడిపోయాడు. ఆ రోజు తనేం చెప్పబోతున్నాడో గోతిలోంచి విని, పుస్తకంలో ఆ పేజీ తీసి పెట్టుకునేవాడు.

ఎనభై ఆరో సంవత్సరం వేసవిలో ఒక మధ్యాహ్నం, కూలీలు అన్నాలు తింటూ ఉండగా గోతిలోంచి కేక వినపడింది. అందులో మాటల్లేవు. పేగులు తెగుతున్నట్టు పొడుగాటి కేక. షెడ్డు కింద చేతులు ముద్దల మీదే ఆగిపోయాయి.

జయశీలం గోతివైపు తిరిగాడు. చిన్నప్పుడు గోదాట్లో మునిగిపోబోతూ ఒక్కసారే అలా అరిచాడు. ఆ గొంతు తనది.

మేస్త్రీ రోశయ్య చెయ్యి కడుక్కుని దగ్గరికొచ్చాడు.

"నీదేగా అబ్బాయ్?"

"అవునండి. ఎప్పుడు అరుస్తానండి నేను అలాగ?"

"చిన్నమాటైతే అప్పటికప్పుడే వచ్చిద్ది. కేక ఎంత పెద్దదైతే అంత ముందొచ్చిద్ది. ఇది చానా పెద్దది. రేపు ఈపాటికి అయిద్దేమో."

"దేనికి అరుస్తానండీ?"

"అది నాకేం తెలుసు? జాగర్తగా ఉండు," అని రోశయ్య పనిలోకి పోయాడు.

ఆ సాయంత్రం జయశీలానికి ముద్ద దిగలేదు. సైకిల్ తొక్కితే లారీ గుద్దుతుందనిపించింది. చాప మీద కూర్చుంటే కింద పామున్నట్టుంది. అమ్మ మొహం గుర్తొచ్చింది.

"ఎల్డర్, నేను చచ్చిపోతాను. నన్ను ఇంటికి పంపించెయ్యండి."

సుధాకర్ మొదట ప్రార్థన చేద్దామన్నాడు. చేస్తుంటే పక్కన వెక్కిళ్లు విని కళ్లు తెరిచాడు. "సరే, రేపు నర్సరావుపేట బస్సెక్కుదాం. ఇద్దరం పోదాం," అన్నాడు.

మర్నాడు పొద్దున రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉంటే, క్వారీలో రాళ్లు మోసే నాగులమ్మ తట్టతో ఆ దారినే వచ్చింది. వెనకాలే మొగుడు కోటిలింగం కావడి భుజాన వేసుకుని నడుస్తున్నాడు. క్వారీకి నీళ్లు మోసేది అతనే. మాట్లాడడు. పుట్టుమూగ అనుకున్నాడు జయశీలం ఇన్నాళ్లూ.

నాగులమ్మ వాళ్ల సంచీ చూసి ఆగింది. మొగుణ్ణి ముందు నడవమని చేత్తో చెప్పి, దగ్గరికొచ్చింది.

"ఎల్లిపోతన్నారా నాయనా?"

"భయమేస్తుందమ్మా," అన్నాడు జయశీలం. దాచుకోవడానికి అతని దగ్గర ఓపిక లేదు.

"మా ఆయన కేక కూడా అట్నే వచ్చింది ఒకసారి. చస్తానేమోనని మర్నాడు పనికి పోలా. తలుపేసుకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని పడుకున్నాడు. ఆ మధ్యాన్నం మా మరిది మీద బండ పడి పాణం పోయింది. ఈయన రోజూ నిలబడే తావులోంచి చూస్తే ఆ బండ జారటం కనపడిద్ది. ఈయన ఆడుంటే అరిచేవోడు."

బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది.

"ఆ రోజునించీ నోరు తెరవలా," అని నాగులమ్మ తట్ట సర్దుకుంది. "నిన్ను ఉండమని అనటంలా నాయనా. చిన్నోడివి. చెప్పాలనిపిచ్చి చెప్పా."

కండక్టరు ఎక్కండెక్కండి అని కసిరాడు. సుధాకర్ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి చూశాడు. జయశీలం కాళ్లు కదల్లేదు. అది ధైర్యమని అతను తర్వాత కూడా ఎప్పుడూ అనుకోలేదు. బస్సెక్కాలన్నా భయమే వేసింది, అంతే. బస్సు వెళ్లిపోయాక సుధాకర్ సంచీ అందుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ గోతి అంచున కూర్చున్నారు. జయశీలం పెదాలు ఆడుతున్నాయి గాని అది ప్రార్థనో కాదో అతనికే తెలీదు. ఎండకి రాళ్లు తెల్లగా మండిపోతున్నాయి. కింద సుత్తుల చప్పుడు. ఎటు కదిలినా చావే వస్తుందేమోనని గుడ్లు మాత్రం తిప్పుతూ చూస్తున్నాడు. అలా చూస్తుండగా ఎదురుగట్టు పైన సన్నగా దుమ్ము రాలింది. కోడిగుడ్డంత రాయి ఒకటి దొర్లింది. దాని వెనకాల గుడిసెంత బండ నెమ్మదిగా, నిద్రలో ఒత్తిగిలినట్టు కదిలింది.

దాని కిందే దారి. ఆ దారిలో కోటిలింగం తల వంచుకుని, కావడితో వస్తున్నాడు.

బాబాయ్, వెనక్కి పో అనాలనుకున్నాడు జయశీలం. మాట రాలేదు. కేక వచ్చింది. గోతిలో ఈసారి ముందేమీ వినపడలేదు, అది నిన్ననే వచ్చేసింది. పేగులు తెగేట్టు, ఊపిరి అయిపోయేదాకా అరిచాడు.

కోటిలింగం ఉలిక్కిపడి తలెత్తాడు. కావడి వదిలేసి వెనక్కి దూకాడు. బండ వచ్చి దారి మీద పడింది. కుండలు పిండైపోయాయి. గొయ్యంతా తెల్లటి దుమ్ము కమ్మింది.

దుమ్ము తేరేసరికి అందరూ పరుగెత్తుకొచ్చారు. కోటిలింగం కింద కూర్చుని, పడిన బండనే చూస్తున్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. సుధాకర్ జయశీలాన్ని పట్టుకుని కిందికి దింపుకొచ్చాడు. జయశీలం అక్కడే కూలబడ్డాడు. గొంతు చీరుకుపోయి, ఉమ్మి మింగితే మండింది.

అప్పుడు గోతిలోంచి ఒక గొంతు వినపడింది. తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంది. ఎవరిదో ముందు ఎవరికీ అంతు పట్టలేదు.

"నాగులూ, ఆ పిల్లోడికి కాసిని మంచినీళ్లియ్యి."

నాగులమ్మ చేతిలో తట్ట జారిపోయింది. అందరూ కోటిలింగం వైపు తిరిగారు. సుత్తి పట్టుకున్నవాళ్లు సుత్తి దించలేదు. రోశయ్య బీడీ చేతిలోనే కాలిపోతోంది. కోటిలింగం మీసాల మీంచి దుమ్ము రాలింది. పెదాలు ఒకసారి కదిలి ఆగాయి. మళ్లీ కదిలాయి.

"నాగులూ," అన్నాడు. గుటక మింగాడు. "ఆ పిల్లోడికి కాసిని మంచినీళ్లియ్యి."

"ఇస్తన్నాలేవయ్యా," అంది నాగులమ్మ. షెడ్డులోంచి తన చెంబు తెచ్చింది. జయశీలం చేతులు చాపాడు. సగం నీళ్లు అతని టై మీదే ఒలికిపోయాయి.